రంగు వేయని గునుగు

మొన్న రాత్రి పెర్త్ నుంచి మెసేజ్ వచ్చింది, మా టీచరాంటీ పోయారని. తొంభై దాటిన మనిషి, కొన్నాళ్ళుగా మంచం మీదే ఉన్నారని తెలుసు. అయినా ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆస్ట్రేలియాలో ఇప్పుడు వసంతం కదా, శవపేటిక మీద పెట్టడానికి షాపులో కొనకుండా పెరట్లో పూసినవే కోసుకెళ్ళామని వాళ్ళమ్మాయి రాసింది. అది చదివాక ఆవిడ గురించి రాయకుండా ఉండలేకపోయాను.

ఆవిడ మాకు చుట్టం కాదు, మా కులమూ కాదు, మతమూ కాదు. పక్క క్వార్టర్ ఆంటీ, అంతే. కానీ ఇవాళ్టికీ దసరా వెళ్ళి గాలి కొంచెం పొడిబారి, సాయంత్రం ఆరింటికే వెలుతురు తగ్గడం మొదలయ్యిందంటే నా చేతులు కత్తెర కోసం వెతుక్కుంటాయి. ఆ అలవాటు ఆవిడ పెట్టిందే.

మా నాన్న సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. నిజాం కాలంలో 1893లో పెట్టిన వర్క్‌షాపు అది. 1966లో దక్షిణ మధ్య రైల్వే వచ్చినా, మా చిన్నప్పుడు వీధిలో ముసలివాళ్ళు ఇంకా ఎన్.ఎస్.ఆర్. (నిజాం స్టేట్ రైల్వే) అనే అనేవాళ్ళు. పొద్దున్నే సైరన్ మోగేది. ఆ మోతకి ముందు ఒక అయిదు నిమిషాలు వీధంతా సైకిళ్ళ చప్పుడు, తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. మగవాళ్ళంతా లోపలికి వెళ్ళిపోయేవారు. అప్పుడిక వినబడేవి కుళాయి దగ్గర బిందెల చప్పుడూ, షంటింగ్ ఇంజన్ల కూతలూ, పక్కింటి రేడియోలో సిలోన్ స్టేషనూ.

మా పెరటికీ ఆంటీ వాళ్ళ తోటకీ మధ్య గోరింటాకు కంచె. మా ఆడపిల్లల చేతులన్నీ పండేది ఆ కంచె వల్లే. దాంట్లో ఒకచోట మేము దూరీ దూరీ సందు పడిపోయింది. ఆంటీ దాన్ని పూడ్చనివ్వలేదు, ఇంకా ఇరువైపులా కొమ్మలు కత్తిరించి దారి చేశారు. ఆవిడ ఆంగ్లో ఇండియన్. భర్త డ్రైవర్, గూడ్సు బండ్ల నుంచి మెయిల్ బండ్ల దాకా ఎదిగినాయన. ఆవిడ స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు కాబట్టి వీధి పిల్లలందరికీ టీచరాంటీ. తెలుగు మాట్లాడేవారు, మధ్యలో హిందీ పడిపోయేది. మా అమ్మ జనగామ వైపు మనిషి, అమ్మది పూర్తిగా మా ఊరి యాస. వాళ్ళిద్దరూ కంచె దగ్గర నిలబడి మాట్లాడుకుంటుంటే వినడానికి ఎంత బాగుండేదో చెప్పలేను.

*

మా ఇంట్లో పూలకి రెండే చోట్లు. దేవుడి పటం, లేదంటే జడ. నందివర్ధనం, గన్నేరు, మందారం దేవుడికి. మల్లె, కనకాంబరం మాకు. ఈ రెంటికీ పనికిరానివి చెట్టునే వాడిపోవాలి. పూలు కోసి నీళ్ళలో పెట్టి టేబుల్ మీద ఉంచడం మా నానమ్మకి అసలు అర్థమయ్యేది కాదు. "దేవునికి గాదు, మనిషికి గాదు, మరెవలికి పెడ్తున్నదామె?" అని అడిగేది. వెటకారంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని.

నాకైతే ఆ అడిగింది తలలో ఉండిపోయింది. ఒకరోజు ఆంటీనే అడిగేశాను. ఆవిడ నన్ను వాళ్ళ హాల్లోకి తీసుకెళ్ళి నిలబెట్టారు. ఆ రైల్వే క్వార్టర్లు చూసినవాళ్ళకి తెలుస్తుంది, గోడలు లావు, పైకప్పు ఎత్తు, వరండా ముందుకి దిగి ఉండటంతో ఎండాకాలం చల్లగా ఉండేవి గానీ లోపల మాత్రం ఎప్పుడూ మసక. "చూడు బేటీ, ఇక్కడ ఎర్ర పువ్వు పెడితే సాయంత్రం అయ్యేసరికి నల్లగా కనపడుతుంది. లేత రంగు పెట్టు, లైట్ వేసేదాకా కనపడుతూనే ఉంటుంది" అన్నారు. అంకుల్ డ్యూటీ దిగి ఏ వేళకి వస్తారో తెలిసేది కాదు, తెల్లవారుజామున నాలుగింటికి రావచ్చు, సాయంత్రం దీపాల వేళకి రావచ్చు. ఇంజన్ మంట ముందు నిలబడి నిలబడి వచ్చిన కళ్ళకి తలుపు తీయగానే ఆ లేత రంగులే కనబడాలని ఆవిడకి.

అందుకే వాళ్ళ తోటలో బంతిపూలున్నా, ఎర్ర జినియాలున్నా అవి చెట్టుకే. వేజులోకి వచ్చేవి వేరే. లేత గులాబీ, తెలుపు కాస్మోస్. వెన్న రంగు జినియాలు. కంచె పక్కన రుద్రజడ వెన్నులు, కొంచెం ఊదా కలిసినవి. వరండా స్తంభానికి పాకిన రాధామనోహరం, అది సాయంత్రం తెల్లగా విచ్చుకుని మర్నాటికి గులాబీ అయ్యి ఆ తర్వాత ఎర్రబడుతుంది కదా, ఎర్రబడినవి తీసేసి తెల్లవీ గులాబీవీ ఉన్న గుత్తి మాత్రమే కోసేవారు. పొద్దున తెల్లగా పూసి సాయంత్రానికి రంగెక్కే మందారం చెట్టొకటి ఉండేది, ఆ పువ్వు ఒక్కరోజుకే అని తెలిసీ ఎవరైనా చుట్టాలొచ్చే రోజున అది పెట్టేవారు, వాళ్ళు కూర్చుని మాట్లాడుతుండగానే రంగు మారుతుందని. ఇక అన్నిటికంటే నాకు ఆశ్చర్యం కలిగించినది కొత్తిమీర. మా ఇంట్లో కొత్తిమీర పూతకొస్తే ముదిరిపోయిందని పీకేసేవాళ్ళం. ఆవిడ మా అమ్మనడిగి ఆ పూత కోసుకెళ్ళేవారు. దగ్గర పెట్టుకుని చూడండి ఎప్పుడైనా, తెలుపులో గులాబీ కలిసిన ఆ చిన్న చిన్న గొడుగులు మిగతా పూల మధ్య ఖాళీలు ఎంత చక్కగా నింపుతాయో.

విత్తనాలు పూనా నుంచి పోచా వాళ్ళ కేటలాగు చూసి పోస్టులో తెప్పించేవారు. మిగిలినవి పాత టైమ్‌టేబుల్ కాగితాల్లో పొట్లాలు కట్టి, పైన పెన్సిల్‌తో పేరు రాసి వీధిలో అందరికీ పంచేవారు. మా ఇంటికొచ్చిన పొట్లం మీద ఒకవైపు కాస్మోస్ అని, వెనకవైపు కాజీపేట, మహబూబాబాద్, డోర్నకల్ టైములూ ఉండేవి.

*

కోత పొద్దున్నే, సైరన్ కంటే ముందు. ఎండ ఎక్కాక కోస్తే కాడలో నీళ్ళుండవు, నువ్వు తర్వాత ఎంత నీళ్ళలో పెట్టినా తల వాల్చేస్తుంది అనేవారు. నేను బకెట్ పట్టుకుని వెనకాల. జినియా దగ్గర ఆవిడ ఒక పరీక్ష పెట్టేవారు, కాడని పువ్వుకి జానెడు కింద పట్టుకుని మెల్లగా ఊపాలి. మెడ వంగి ఊగిందంటే ఇంకా పచ్చిది, కోయకూడదు. కాడ మొత్తం కర్రలా నిటారుగా కదిలితే కోసుకోవచ్చు. ఇప్పటికీ నేను ఇది చేయకుండా జినియా కోయను, ఒక్కసారి కూడా తప్పలేదు.

చామంతి కాడని కత్తిరించకుండా విరిచేవారు. విరిచినప్పుడు వచ్చే ఆ ఘాటైన ఆకు వాసన వేళ్ళకి పట్టుకుని స్కూలు దాకా వచ్చేది. లెక్కల క్లాసులో చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చునేదాన్ని.

కోసినవి కోసినట్టు వేజులో పెట్టేయడం ఉండేది కాదు. నీళ్ళలో మునిగే ఆకులన్నీ దూసేసి, బకెట్‌లో మెడదాకా నీళ్ళు పోసి, స్నానాలగదిలో చీకట్లో పెట్టి తలుపు దగ్గరికి వేసి ఆవిడ స్కూలుకి వెళ్ళిపోయేవారు. సాయంత్రం వచ్చి, టీ తాగి, అప్పుడు మొదలుపెట్టేవారు.

ఆవిడ పూలు పెట్టే జాడీ గురించి చెప్పాలి. అది మా అమ్మదే. అడుగున గోధుమ రంగు, పైన గంధం రంగు ఉన్న మామూలు పింగాణీ జాడీ, ఆవకాయది. ఒక ఏడాది దానికి వెంట్రుకవాసి బీట వచ్చింది, నీళ్ళు కారవు గానీ నూనె ఊరుతుంది. పచ్చడికి పనికిరాదని అమ్మ పెరట్లో పెడితే ఆంటీ కంచె మీంచి చూసి అడిగి తీసుకున్నారు. లోపల కోళ్ళ గూటికి కొట్టే జాలీ ముక్కని ఉండ చుట్టి కుక్కారు. దాని కన్నాల్లో కాడలు గుచ్చితే ఎటు పెట్టిన పువ్వు అటే నిలబడుతుంది. అడుగున ఒక కట్టె బొగ్గు ముక్క, నీళ్ళు వాసన రాకుండా.

ముందు ఆకు. జామచెట్టు కొమ్మల్లో రాగిరంగు తిరిగిన ముదురాకులున్నవి వెతికి రెండు మూడు. కాడ చెక్కగా ఉంటుంది కాబట్టి చివర కత్తితో నిలువునా చీల్చి పెట్టేవారు. తర్వాత రుద్రజడ, కొత్తిమీర పూత. ఆ తర్వాతే పూలు, అవి కూడా అన్నీ మన వైపు మొహం పెట్టి కాదు. ఒకటి పక్కకి, ఒకటి కిందికి, ఒకటి అసలు వెనక్కి తిరిగి. "చెట్టు మీద అన్నీ నిన్నే చూస్తున్నాయా?" అనేవారు. పెద్ద పువ్వు నడిమధ్య పెట్టనిచ్చేవారు కాదు, కిందుగా అంచు దగ్గర పెట్టించేవారు. అంతా అయ్యాక నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, కళ్ళు సగం మూసి చూసి, ఒకటో రెండో తీసేసేవారు. ఎప్పుడూ తీసేయడమే, చేర్చడం చూడలేదు. తీసేసినవి నాకు.

*

సద్దుల బతుకమ్మ ముందురోజు మా ఇల్లు ఎలా ఉండేదో ఇక్కడ చాలామందికి చెప్పక్కర్లేదు. వరండా నిండా తంగేడు ఒక కుప్ప, కట్లపూలు ఒక కుప్ప, గుమ్మడిపూలు తడిగుడ్డలో. గునుగు మాత్రం జనగామ నుంచి గోనెసంచుల్లో మా మేనమామ తెచ్చేవాడు, చేలల్లో కలుపుగా మొలిచేదాన్ని ఊళ్ళో ఎవరూ కొనరు. అమ్మ, నానమ్మ, పక్కవాళ్ళు కూర్చుని గుప్పెడు గుప్పెడు గునుగు దారంతో కట్టి, కాడలు సమంగా కోసి, కొసలు రంగునీళ్ళలో ముంచేవారు. ఎరుపు, ఊదా, ఆకుపచ్చ, నీలం. మా వేళ్ళకి పట్టిన ఆ రంగు వారంపాటు పోయేది కాదు.

ఒక ఏడాది ఆ హడావుడిలో ఆంటీ కంచె సందులోంచి వచ్చి అమ్మ పక్కన పీట మీద కూర్చుని, ఒక గునుగు వెన్ను చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూశారు. రంగు వేయకముందు గునుగు ఎలా ఉంటుందో మేమెవ్వరం అప్పటిదాకా సరిగ్గా చూడనే లేదు. కింద వెండి తెలుపు, పైకి వెళ్ళేకొద్దీ సన్నగా గులాబీ, కొసన కాస్త ముదురు. ఒక్కో రేకు కాగితం కంటే పల్చన, పొడిగా, వేలితో రాస్తే చిన్న చప్పుడు చేస్తుంది.

"రంగు వేయనివి నాకు ఒక కట్ట ఇస్తారా?" అని అడిగారు.

అమ్మ ఇచ్చింది. ఆవిడ వెళ్ళాక నానమ్మతో, "రంగు లేని గునుగు ఏం జేస్కుంటదత్తా ఆమె?" అంది.

పండగ అయిన రెండోరోజు సత్తుపిండి, మలీద ముద్దలు ఇవ్వడానికి అమ్మ నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. హాల్లో అడుగుపెట్టి ఆగిపోయింది. మూలబల్ల మీద తన ఆవకాయ జాడీ, దాంట్లో గునుగు, కాస్మోస్, ఎండిన తామరకాయలు రెండు, ఇంకా సగమే విచ్చిన రెల్లు. ఆ తామరకాయలూ రెల్లూ కాజీపేట డ్యూటీకి వెళ్ళినప్పుడు అంకుల్ ఏదో చెరువు గట్టున కోయించుకొచ్చినవి. రెల్లు పూర్తిగా విచ్చితే ఇల్లంతా దూది ఎగురుతుంది, అందుకని మొగ్గ పొర చీలుతున్నప్పుడే తెచ్చేవారాయన.

అమ్మ బల్ల దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. ముట్టుకోలేదు. కాసేపయ్యాక ఒక్కొక్కదాన్నీ వేలితో చూపిస్తూ మెల్లగా అనుకోవడం మొదలుపెట్టింది. "గిది ఉల్లిపొర రంగు. గిది గంధం. గిది వెన్న రంగు. గిదేమో పావురం మెడ." చీరల షాపులో మడతలు విప్పించుకుని చూసేటప్పుడు అమ్మ నోట వచ్చే రంగులు అవి. ఆంటీ వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నారు, చేతిలో టీ ట్రే అలాగే ఉంది. "ఇంకోసారి చెప్పండి, రాసుకుంటాను" అన్నారు. నిజంగానే విత్తనాల నోట్‌బుక్ తెచ్చి, ఇంగ్లీషు అక్షరాల్లో ఉల్లిపొర, గంధం, వెన్న అని రాసుకున్నారు. ఆ తర్వాత ఆవిడ ఏ పువ్వు గురించి చెప్పినా ఆ రంగుల పేర్లే. వచ్చే ఏడాదికి ఉల్లిపొర రంగు జినియా కేటలాగులో దొరుకుతుందేమో అని అమ్మని అడిగేవారు. అమ్మకి కేటలాగు చదవడం రాకపోయినా ఇద్దరూ కూర్చుని బొమ్మలు చూసేవారు.

ఆ ఏడాదే మా ఇంట్లో మొదటిసారి, దేవుడి గూటి పక్కన, హార్లిక్స్ సీసాలో నాలుగు గునుగు వెన్నులు నీళ్ళు లేకుండా నిలబడ్డాయి. సంక్రాంతి దాటినా రంగు చెక్కుచెదరలేదు. నానమ్మ వాటినేమీ అనలేదు.

*

చామంతుల దగ్గర ఆంటీ పడ్డ తిప్పలు కూడా గుర్తున్నాయి. వీధి దీపం వెలుగు పడే వైపు కుండీలు మొగ్గ తొడిగేవి కావు, అటు పక్కవి మాత్రం నిండుగా పూసేవి. చామంతి పొద్దు తగ్గితేనే మొగ్గ వేస్తుంది, రాత్రి వెలుగు పడుతుంటే దానికి ఇంకా పొద్దు ఉందనే లెక్క. ఆ సంగతి ఆవిడ ఎక్కడో చదివి, రోజూ చీకటి పడగానే ఆ కుండీల మీద గోనెపట్టాలు కప్పడం మొదలుపెట్టారు. కప్పే పని నాది, పొద్దున తీసే పని మా తమ్ముడిది. కొన్ని వారాలకి మొగ్గలొచ్చాయి. సైన్సులో నాకు ఆసక్తి పుట్టింది ఆ గోనెపట్టాల దగ్గరే అని నేను గట్టిగా నమ్ముతాను. తర్వాత బాటనీ తీసుకోవడానికి కారణం అడిగితే ఇంటర్వ్యూలో కూడా ఇదే చెప్పాను.

ఆ చామంతులన్నీ నవంబర్ 2 కోసం. సమాధుల పండగ. తెల్లవీ, లేత పసుపువీ మాత్రమే పూయించేవారు. ఒక ఏడాది అంకుల్ డ్యూటీలో ఉంటే ఆంటీకి తోడుగా అమ్మ నన్ను పంపింది. రిక్షాలో కాళ్ళ దగ్గర రెండు బకెట్ల పూలు, చీపురు, సున్నం డబ్బా. గేటు దగ్గర బంతిదండలు అమ్మేవాళ్ళు చుట్టుముట్టినా ఆవిడ ఏమీ కొనలేదు. అత్తగారిదీ మామగారిదీ కడిగి, పూలు పెట్టి, ఆ తర్వాత గోడ పక్కన ఒక చిన్న సమాధి దగ్గరికి వెళ్ళారు. వాళ్ళకి మొదట ఒక బాబు పుట్టి పోయాడని నాకు అప్పటిదాకా తెలియదు. అక్కడ మాత్రం సీసాలో పూలు పెట్టలేదు, ఒక్కొక్క పువ్వు కాడ పొట్టిగా విరిచి, తెల్లది, పసుపుది, తెల్లది, పసుపుది, చుట్టూ అంచు కట్టారు. నాకు కూడా కొన్ని ఇచ్చి ఒక పక్క పెట్టమన్నారు. కొవ్వొత్తులు వెలిగించి ఇంటికొచ్చేసరికి బాగా చీకటి పడింది. వచ్చి అమ్మతో చెప్తే అమ్మ ఏమీ మాట్లాడకుండా కంచె సందులోంచి వాళ్ళింటికి వెళ్ళింది. ఆ రాత్రి చాలాసేపు అక్కడే ఉంది.

*

వీధిలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఒక్కొక్కటిగా వెళ్ళిపోతూ వచ్చాయి, ఎక్కువమంది ఆస్ట్రేలియాకే. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో హౌసీ (తంబోలా) ఆడేవాళ్ళు తగ్గారు, క్రిస్మస్‌కి మా ఇంటికొచ్చే కుల్‌కుల్స్ అనే తీపి పిండివంట డబ్బాలూ తగ్గాయి. అంకుల్ రిటైరయ్యాక వీళ్ళూ బయల్దేరారు. సామాను అమ్మేశారు. వెళ్ళే ముందు జాడీ కడిగి, జాలీ ఉండతో సహా తెచ్చి అమ్మ చేతికిచ్చారు. అమ్మ పాస్‌పోర్ట్ సంచిలో పట్టేంత పొట్లం ఇచ్చింది, మా కొత్తిమీర గింజలు. విత్తనాలు ఆ దేశంలోకి రానివ్వరని ఆంటీకి తెలుసు, అయినా తీసుకుని కళ్ళకద్దుకున్నారు. వాళ్ళని సాగనంపడానికి ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్ళిన ఒకమ్మాయి చేతికి ఆ పొట్లం తిరిగొచ్చిందని, దాని మీద "మీ పెరట్లోనే వేయండి" అని రాసి ఉందని అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

మేమూ క్వార్టర్ ఖాళీ చేసి మల్కాజిగిరి వచ్చేశాం. ఆ వైపు వెళ్ళినప్పుడు చూస్తుంటాను, కొన్ని ఇళ్ళు పడిపోయాయి, కొన్నింటికి తాళాలు. గోరింటాకు చెట్లు మాత్రం మనిషెత్తు దాటాయి.

ఇప్పుడు నాది అపార్ట్‌మెంట్ బాల్కనీ, కుండీలు తక్కువ. గుడిమల్కాపూర్ మార్కెట్‌కి వెళ్తే లేత రంగు చామంతి దొరుకుతుంది గానీ దండలకని తలలు తుంచేసి కిలోల లెక్కన పోస్తారు, కాడతో కావాలంటే బొకేల షాపులవాళ్ళ దగ్గర అడగాలి. ఆ కట్టలు బాగానే ఉంటాయి, అన్నీ ఒకే ఎత్తు, అన్నీ ఒకే వైపు మొహం. ఇంటికి తెచ్చి కొన్ని వెనక్కి తిప్పుతాను. బాల్కనీలో పూసిన కాస్మోస్, రుద్రజడ కలుపుతాను. మా అపార్ట్‌మెంట్ పిల్లలకి జినియా ఊపడం నేర్పించాను, వాళ్ళు పార్కులో కనబడ్డ ప్రతి పువ్వునీ ఊపి వస్తున్నారు.

పెర్త్ కబురు అమ్మకి ఫోన్‌లో చెప్పాను. "అయ్యో" అని కాసేపు ఆగింది. తర్వాత ఆ బాబు సమాధి దగ్గరికి ఈసారి ఎవరు పోతారని అడిగింది. నేను వెళ్తానన్నాను. "నేను గూడ వస్త" అంది. ఆ వెంటనే, "మీ మామ గునుగు తెచ్చిండు. నీకని రెండు కట్టలు రంగు ముంచకుండ తీసిపెట్టిన. ఐతారం రా, కొత్తిమీర గూడ పూతకొచ్చింది, అది గూడ కోసుకపో" అంది.